లేనోళ్ల రెండో ఆల్బం

మా బ్యాండు పేరు లేనోళ్లు.
నలుగురం. నలుగురం లేము.
తెర మీద ఎగిరే ఆ నీలిజుట్టు పిల్ల
సారంగపాణి గీసిన బొమ్మ.
నోరు దానిది, గొంతు నాది.
నా పేరు సారలక్ష్మి. ఎక్కడ రాయలే,
రాయొద్దని ముందే అనుకున్నం.

సుబేదారిల జిరాక్స్ షాపు మీది అర్ర.
గోడలకు బొంతలు కొట్టినం, కిటికీకి పరుపు.
కింద హాల్‌టికెట్ల చప్పుడు ఆగాలె,
ఆగినంక కరెంటు పోయేది,
కరెంటొచ్చినంక
కాజీపేట దిక్కు గూడ్సుబండి కూసేది.
ముజీబ్ చెవులకున్నయి తీసి, వేలెత్తి
పోనీ, పోనీ అనేటోడు
రైలు వాని చుట్టమైనట్టు.

మొదటిది ఒక్క వానకాలంల అయిపోయింది.
అప్పుడు నాకు పంతొమ్మిది.
ఆ పిల్లను అంగీల మీద అచ్చేసుకున్నరు,
గొర్రెకుంట పంచరు షాపు షట్టర్ మీద
ఎవరో మాకంటె మంచిగ గీసిండ్రు.

రెండోదానికి అయిదేండ్లు.
నడుమ మూడు సీజన్లు
ఎనుమాముల అవతల జిన్నింగు మిల్లుల లెక్కలు రాసిన.
పత్తి తెల్లగుంటదని లోకమంతటికి తెలుసు.
లోపలికి పోయినంక ఏ రంగుంటదో
దగ్గుకే తెలుసు.

బొమ్మకు అదే పంతొమ్మిది.
అదే నీలిజుట్టు, అవే గాజులు.
నాకు పై స్వరం అందలే.
కంప్యూటర్ల గుంజి పైకి పెడత అన్నడు ముజీబ్.
పెట్టిండు. విన్నం.
అచ్చం బొమ్మ పాడినట్టే ఉన్నది.
ఎవ్వరం మాట్లాడలే.

తీసెయ్ అన్నది కొమురన్నే అయ్యుంటడు.
సెగ చూపకుండ డప్పు ముట్టని మనిషి.
మెట్ల మీద
ఖరాబైన జిరాక్సులు కుప్పేసి కాల్చేటోడు,
ఎవరియో కులం సర్టిఫికెట్లు, ఎవరియో మార్కుల మెమోలు,
ఆ మంటకు తోలు బిగిసేది.
షాపాయన తిట్లు గూడ
రెండో పాట మొదట్ల సన్నగ వినపడతయి.

నాలుగో పాటల, చరణం చివర, దగ్గొచ్చింది.
మళ్ల పాడుదమన్న.
సారంగపాణి వద్దన్నడు.
వాళ్ల తాత చేర్యాలల పటాలు రాసేటోడు,
కథ చెప్పేటోళ్లు వేరే ఉండిరి.
మూతి గీసుడే మా ఇంటి పని అంటడు,
అండ్ల మాట పెట్టుడు మాది గాదు.
అ, ఈ, ఓ అనేటందుకు
తొమ్మిది మూతులు గీసి పెట్టుకున్నడు.
దగ్గుకు పదోది గీసిండు.
ఒక్క మూతికి నాలుగు రాత్రులు.

విడుదలైన తెల్లారి
గొంతు మార్చిండ్రు అన్నరు.
పాతామె ఏది అన్నరు.
పాతామె సచ్చిపోయిందట అన్నరు.
ఒకాయన నాకు సంతాపం రాసిండు,
ఆత్మకు శాంతి, రెండు దండాలు.
ములుగు రోడ్డు మందుల షాపుల
కౌంటర్ల నిలబడి చదువుకున్న.
తెచ్చిపెట్టుకున్న గొంతని పేపరాయన రాసిండు.
తెచ్చుకునేదాన్నయితే
మంచిదే తెచ్చుకుందును గద సారూ.

కొమురన్న పెండ్లిండ్లకు పోతున్నడు.
ముజీబ్ మూడోది అంటడు, ఎవ్వరం ఊకొట్టం.

మొన్న సీకటి పడంగ ఒక పిల్ల వచ్చింది.
అంగీ మీద నీలిజుట్టు,
ఉతికి ఉతికి బూడిద రంగుకొచ్చింది.
తలనొప్పి గోలీలు అడిగింది.
నేను వెతుకుతుంటె
అద్దం మీద వేళ్లతోటి దరువేస్తూ
నాలుగో పాట సన్నగ తీస్తున్నది.
చరణం చివర,
సరిగ్గ నేను దగ్గిన కాడ,
దగ్గింది.

సిరప్ ఇయ్యాల్నా అన్న.

వద్దక్కా, అది పాటల ఉంటది అన్నది.

చిల్లర లేకుండె.
రెండు చాక్లెట్లు ఇచ్చిన.