ఇతరములు

కొత్త టవర్ ఐదో అంతస్తుల
మైకు పట్టుకున్న పిల్లగాడు
రాపోలు సుగుణ మేడం గురించి చదువుతున్నడు:
పద్దెనిమిదేండ్ల కంపెనీ, పదకొండు వందల కొలువులు,
రోజుకు ఇన్ని కోట్ల వరుసలు
ఆమె యంత్రాల గుండా పోతయట.
వరుసలంటే ఏందో పక్కాయనకు తెలియలే,
"వరి నాటా?" అన్నడు.
అసొంటిదే అన్న.

ఆ కాగితంల లేనిది నాకెరుక.
తొంభై ఆరు ఎండకాలం.
నల్లగొండ గడియారం సెంటర్ల కిరాయి సైకిల్, రోజుకు ఆరు రూపాలు.
క్యారియర్ మీద నీళ్ళ సీసాల డబ్బ,
హ్యాండిల్‌కు ఫారాల సంచి.
నేను లెక్కల ఆఫీసు గుమాస్తను,
ఆమె డిగ్రీ తప్పి వచ్చిన పిల్ల,
ఫారానికి ముప్పావలా.
నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగ,
కట్టెల మోపు కట్టినట్టు గియ్యాలె అని
నేనే నేర్పిన.

బోరింగు బోరింగుకు ఎర్రరంగు పూసుకుంట పోయినం.
పూసిన కాడల్లా
బిందె కింద పెట్టి అడిగిన్రు:
మరి ఏది తాగాలె?
దానికి మా ఫారంల గడి లేదు.

సర్వారెడ్డిగూడెంల సాయమ్మ
వంగిన నడుముతోని
తల ఎత్తరాక, మెడ తిప్పరాక
మనిషి మొత్తం పక్కకు మర్రి
ఒక్క కంటితోని మమ్ముల చూసింది.
ఏడో ప్రశ్న:
ఎన్నేండ్ల సంది ఈ నీళ్ళు తాగుతున్నవ్?
"నేను తాగుతున్ననా బిడ్డా?
గవ్వే నన్ను తాగుతున్నయ్."

సుగుణ కలం ఆగింది.
గడి అగ్గిపుల్ల తలకాయంత.
అంచు మీద, చీమల బారు లెక్క
మాటకు మాట రాసింది.
పొద్దుగూకినంక సూపర్‌వైజర్ అది కొట్టేసి
గడిల తొమ్మిది వేసిండు.
తొమ్మిదంటే ఇతరములు.

ఆ రాత్రి ఆఫీసు మెట్ల మీద
మిర్చిబజ్జీ నూనె వేళ్ళు కాగితానికి తుడుచుకుంట
"అన్నా, తొమ్మిదిల ఎంతమంది పడ్డరో లెక్కపెడదమా?" అన్నది.
పెట్టినం.
సగానికి ఎక్కువ.
ఆమె కంపెనీ గా మెట్ల మీదనే పుట్టిందంట నేను,
రిజిస్ట్రేషన్ తారీఖు ఏదైనా కానీ.

తర్వాత సంగతి పేపర్ల చదివిందే.
అమీర్‌పేటల కోర్సు, దవాఖానల రికార్డులు,
ఒక విత్తనాల కంపెనీ, ఇంకేందో బ్యాంకు,
తడవకో పెద్ద గది, తడవకో సల్లటి గది.
తొమ్మిదులను విప్పి చదివే యంత్రం కట్టింది.
విప్పినయ్ మల్ల మోపులు కట్టి అమ్మింది.
తప్పా?
కట్టె కొట్టినోడు అమ్ముకోడా?

పోయినేడు మా కోడలు రజియా
ఆరోగ్య బీమాకు పోతే
ఏజెంటు ఫోన్ తిప్పి చూపించిండు:
మీ పిన్‌కోడ్ ఎర్రగున్నది, కిస్తు ఎక్కువైతది.
ఎవలు పూసిన్రు ఎరుపు? అన్న.
సిస్టం, అన్నడు.
అద్దం అడుగున, కంటికానని అక్షరాలల్ల
సుగుణ కంపెనీ పేరు.
నా గోర్ల సందున ఆ రంగు
ఎన్నడో పోయిందనుకున్న.

చప్పట్లు అయినంక
ఆమెనే మూడో వరుస దాక నడిచొచ్చింది.
"ఖాజన్నా!
మన ఫారాలు ఏమైనయే?"
తూకానికి పోయినయ్. పల్లికాయ పొట్లాలైనయ్.
ఒక్కటి తప్ప.

జేబులకెంచి తీసిన.
నాలుగు మడతలు, మడతల కాడ చినుగులు.
అద్దాలు నుదుటి మీదికి నెట్టి
కొట్టేసిన గీత కిందికెల్లి
పెదవులు కదులుకుంట చదివింది.
రజియా కిస్తు సంగతి అడుగొద్దనుకునే వచ్చిన.
అడిగిన.

పక్కన నిలబడ్డ పిల్ల, మెడల కార్డు,
"మేడం, దీన్ని స్కాన్ చేయమంటారా?"
సుగుణ ఊ అనలే, వద్దనలే.
బొటనేలితోని ఆ తొమ్మిది మీద
రుద్దుతున్నది, రుద్దుతున్నది.

కింద దేవరకొండ బస్సు హారన్ కొట్టింది.
ఫారం వాపసు అడుగుడు
మరిచిపోయిన.