చేబదులు రోజులు

మార్చి నెల ఆఖరి మూడు రోజులూ మార్చివి కావట,
ఏప్రిల్ దగ్గర చేబదులు తెచ్చుకున్నవట.
ముసలి ఎఫీ ఏటా చెబుతుంది.
ఏటా కొత్తగా విన్నట్టే తలూపుతాను
ఉత్తరాల సంచీ భుజం మార్చుకుంటూ.
కొండ మీది గొర్రెలు మూడింటిని
చంపి తీరాలన్న పంతంతో చేసిన అప్పట అది.
"చచ్చాయా మరి?" అంటాను.
"కుంటుకుంటూ దిగొచ్చాయి" అంటుంది,
అవి తన గొర్రెలే అయినట్టు.

ఇవాళ ఆ మూడింట్లో రెండోది.

ఆరున్నరకు బయల్దేరినప్పుడు ఎండ.
వంతెన దాటేసరికి వడగళ్ళు,
వ్యాను మీద నూకలు చల్లినట్టు.
బడి దగ్గర మళ్ళీ ఎండ.
పిల్లలు కోట్లు విప్పి గోడ మీద పడేశారు,
చిన్నవాడు రోరీ గేటు తీసేలోగా
కోట్లన్నీ తెల్లబడ్డాయి.
దున్నిన పొలం మీద తీతువులు పల్టీలు కొడుతున్నాయి.
వాటి కూత వింటే ఇక్కడ అందరికీ ధైర్యం,
ఎందుకో.

ఇష్బెల్ దుప్పట్లు నాలుగుసార్లు ఆరేసి
నాలుగుసార్లు లోపలికి తెచ్చిందట.
ఐదోసారి
"తడిస్తే తడవనీ, ఆరడం వాటికి తెలీదా" అని
తలుపేసుకుంది.
కిటికీలోంచే చెయ్యి చాపింది:
కరెంటు బిల్లు, విత్తనాల కేటలాగు.
కేటలాగే ముందు చించింది.

డూగల్ కొట్టంలో
ఉత్తరాలు అందుకునే చెయ్యి ఖాళీగా లేదు.
రాత్రి ఒక తల్లికి పిల్ల చచ్చి పుట్టింది.
ఇంకో తల్లికి మూడు పిల్లలు, చన్నులు రెండే.
చచ్చినదాని తోలు ఒలిచి
కాళ్ళకు నాలుగు కంతలు చేసి
ఆ మూడోదానికి చొక్కాలా తొడుగుతున్నాడు.
మోచేతుల దాకా ఎరుపు.
తల మీద ఊనాది, ఊదారంగు ఉన్ని టోపీ.
"దీని తల పట్టుకో" అన్నాడు.
పట్టుకున్నాను.
తడిగా, వెచ్చగా, నా బొటనవేలు చీకింది.
బ్యాంకువాళ్ళ కవరు మీద అయొడిన్ చుక్క పడింది.

తల్లి వాసన చూసింది.
వెనక్కి జరిగింది.
మళ్ళీ చూసింది.
నేను ఊపిరి బిగబట్టాను.
డూగల్ అటు తిరిగి, బకెట్లో చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు,
కడగాల్సిన దానికంటే ఎక్కువసేపు.
రేకుల మీద వడగళ్ళు మొదలై, ఆగి,
మళ్ళీ మొదలయ్యాయి.
అప్పుడు తల్లి గొంతులోంచి
చలికి మొరాయించిన ఇంజను అందుకున్నట్టు
ఒక గురగుర.
పిల్లకు రెండు తోకలు:
పైది చచ్చినదానిది, కిందిది దానిది.
కింది తోక ఆడింది.

"రెండ్రోజులు. తర్వాత తోలు కంపు కొడుతుంది, విప్పేస్తా.
అప్పటికి ఆవిడ పాలే దీని ఒంట్లో తిరిగి
ఆవిడ వాసనే వేస్తుంది."
డూగల్ నాతో ఇంత పొడుగు మాట
ఎప్పుడూ అనలేదు.
శీతాకాలంలో, ఊనా పోయినప్పుడు,
పరామర్శ కార్డులు రోజుకు పదేసి తెచ్చిస్తే
"అక్కడ పెట్టు" అన్నాడు, అంతే.

ఆఖరి ఇల్లు ఎఫీది.
"కొండ తెల్లగా ఉందా?"
"కొండే కనబడటం లేదు."
"రేపొక్కరోజు" అంది.
ఇన్నేళ్ళలో తట్టని ప్రశ్న అప్పుడు తట్టింది నాకు:
"అయితే ఆ అప్పు మార్చి తీర్చిందా?"
ఎఫీ టీ కప్పు దింపింది. చాలాసేపు ఆలోచించింది.
తర్వాత వేలు దొడ్డివైపు చూపించి
"ఆ నిచ్చెన డూగల్‌ది. ఊనా ఇచ్చింది.
దారే కదా, ఇచ్చేసెయ్."

దారి కాదు. వ్యానులో పట్టదు కూడా.
వెనక తలుపులు తాడుతో కట్టి,
బయటికి పొడుచుకొచ్చిన మెట్లన్నిటి మీదా
మంచు ఎక్కించుకుంటూ
వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాను.
వంతెన దగ్గర ఎండొచ్చింది.
దాన్ని నమ్మి ఆగలేదు గానీ
అద్దం కొంచెం దించాను.