కిలో రాయి

బల్దియా లారీ వస్తోందని
ముందు పసిగట్టింది ఉల్లిగడ్డల జహంగీర్.
కేక పెట్టలేదు, ఈల వేయలేదు,
తాడు లాగాడు.
నాలుగు మూలల టార్పాలిన్ ఒక్క మూటయింది.
వారాసిగూడ చౌరస్తాలో
బేరం మధ్యలో ఆగిన నోళ్ళు
తెరుచుకునే ఉన్నాయి.

మొగులమ్మ మోకాళ్ళు అంత త్వరగా మాట వినవు.
దోసకాయలు గోనెలోకి తోసింది,
గోంగూర కట్టలు కొంగులోకి,
అరకిలో బెండకాయలు తీసుకుని
చిల్లర వెతుక్కుంటున్న నా సంచిలోకి
ఏదో బరువు జారవిడిచింది.
"పట్టుకో బిడ్డా, మళ్ల తీస్కుంట."
తరాజు మాత్రం లారీ ఎక్కింది,
పళ్ళాలు రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటూ.

ఇంటికొచ్చి చూస్తే
కిలో రాయి.
అంచులు అరిగి, అడుగున సీసం పోసిన గుంట,
ముద్ర మీద ముద్ర పడి
ఏ సంవత్సరమో చదవలేని సీసం.
పట్టుకునే చోట
ఆమె బొటనవేలంత నునుపు.

బెండకాయలకు డబ్బులివ్వలేదని
అప్పుడు గుర్తొచ్చింది.
ముప్ఫై రూపాయలు.

మర్నాటికి చౌరస్తాలో
సున్నపు గీత, రెండు పూలకుండీలు,
'ఇచ్చట అమ్మరాదు' అని బోర్డు.
కుండీల్లో మొక్కలు నాటడం మరిచిపోయారు.

ఫోన్లోనే తెప్పించుకున్నాను, అబద్ధమెందుకు.
ఎనిమిదో నిమిషానికి
హెల్మెట్ తీయకుండానే మెట్లెక్కొచ్చిన కుర్రాడు
డబ్బాలో బెండకాయలిచ్చి పోయాడు.
ఐదొందల గ్రాములంటే
ఐదొందల గ్రాములే.
కొనకముందే కొస విరిచి చూడమని
ఈ ఊరొచ్చిన కొత్తలో
నాకు నేర్పింది మొగులమ్మే.
"టక్కుమనాలె. ఇరగకుంటే ముదిరినట్టు,
పక్కకెయ్యి."
డబ్బా తెరిచి విరిచాను.
వంగింది.

ఇంత కరివేపాకు వెయ్యి అని అడగబోయి
ఎవరిని అడగాలో తెలియలేదు.
అది వేరే ఆర్డరు, పన్నెండు రూపాయలు.
ఆ తెర మీద
కొసరుకు గడి లేదు.

రాయి వంటగట్టు మీదే ఉంది.
పాలగిన్నె మూత మీద పెట్టాను, పిల్లి రాకుండా.
కరెంటు బిల్లుల మీద పెట్టాను.
ఒక రాత్రి ఊరికే అరచేతిలో పెట్టుకున్నాను.
తెల్లారి మూడింటికి బోయిన్‌పల్లి మార్కెట్‌కు
ట్రాలీ ఆటోలో నిలబడి పోయొచ్చే మనిషి
ఇన్నేళ్ళుగా ఎత్తి దించిన కిలో
ఎన్ని లారీలవుతుందో
లెక్క కట్టబోయి మానేశాను.
తూచిందంతా మా గల్లీ తినేసింది.

ఎనిమిదో రోజు వార్డు ఆఫీసుకు పోయాను.
ఆమెకు కార్డు ఉంది సార్, లామినేషన్ చేయించింది,
ఫోటోలో కళ్ళు మూసుకుంది, అయినా ఆమే.
"మీకేమవుతుంది?"
ఏమవుతుంది.
చుట్టం కాదు. పక్కింటామె కూడా కాదు.
ఇల్లెక్కడో నాకే తెలియదు.
"ఆమె దగ్గర మాకు వాడుక" అన్నాను.
అతను రాసుకోలేదు.

పదకొండో రోజు
సీతాఫల్‌మండి స్టేషన్ గోడ నీడలో
ముందు ఉల్లిపొట్టు కనిపించింది,
తర్వాత జహంగీర్,
అతని మూట వెనక ఆమె.
ఇద్దరికీ ఒకటే తరాజు,
ఆమె గిరాకి వస్తే అతని గిరాకి ఆగాలి.

రాయి ఇచ్చాను. కొంగుతో తుడిచి
ఒళ్ళో పెట్టుకుంది.
ముప్ఫై రూపాయలు చాపితే చెయ్యి వెనక్కి తీసింది.
"బాకీ బోణీ కాదు బిడ్డా.
పొద్దటిసంది ఒక్క బేరం లేదు.
ముందుగాల ఏమన్న తీస్కో."

కిలో టమాటాలు అన్నాను.
జహంగీర్ తరాజులో ఎవరివో ఉల్లిగడ్డలు ఊగుతున్నాయి.
ఆమె ఆగలేదు.
కుడి అరచేతిలో రాయి,
ఎడమ చేతిలోని నా సంచిలో టమాటాలు,
ఫోటోలో లాగే కళ్ళు మూసుకుంది.
ఇంకొకటి వేసింది.
మళ్ళీ ఒకటి.
ఎడమ చెయ్యి కిందికి దిగాక
కళ్ళు తెరిచింది.

నోటు కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే
బాకీ తీసుకుంది.
నేను నాలుగడుగులు వేశానో లేదో
వెనక నుంచి కసురు:
"కరివేపాకు అడుగుడు మర్చినవేంది?"