నడిమి గొంతు

నాకు ముఖాలు తెలియవు.
టూసాన్‌లో మా వంటింటి బల్ల దగ్గర
చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటాను.
ఇటు ఇంగ్లీషు, అటు స్పానిష్,
నడుమ నేను, పేరు లేని ఒక నంబరు.
సొంత మాట ఒక్కటీ కలపకూడదని రూలు.

ఆ మధ్యాహ్నం యాకిమా నుంచి కాల్.
ఆపిల్ తోటల ఊరు, చిన్న క్లినిక్.
తల్లి యూఫెమియా, ప్యాకింగ్ షెడ్డులో రాత్రి షిఫ్టు.
కూతురు యారెట్సి, పదిహేనేళ్ళు,
నిద్ర లేదు, తిండి సయించడం లేదు.

"ఈ మనిషెందుకు? అమ్మకి నేను చెప్తాగా,
ఎప్పుడూ నేనేగా!" అంది పిల్ల.
నిజమే.
కరెంటు బిల్లు, తమ్ముడి చెవిపోటు,
నాన్న కాగితాల గురించి లాయరు చెప్పిన చెడ్డకబురు,
అన్నీ ఆ నోటి మీదుగానే ఇంట్లోకొచ్చాయట.
"ఇవాళ వద్దు," అంది నర్సు,
"ఇవాళ నీ మాటే చెప్పు."

తర్వాత అడిగింది, డొంకతిరుగుడు లేకుండా,
జ్వరముందా అన్నంత మామూలుగా:
"చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

తల్లి చెవిలో ఆ మాట వెయ్యాల్సింది నేను.
మెత్తనివి రెండు నాలుక చివర ఆడాయి
(దిగులుగా ఉందా, అలసిపోయావా)
మింగేశాను.
అడిగితే లేనిది పుడుతుందని మా అమ్మమ్మ భయం.
పుట్టదు.
ఉన్నదానికి దారి దొరుకుతుంది, అంతే.

గోడగడియారం వినిపించింది,
అక్కడిదో, ఇక్కడిదో.

"అవును."
ఇంగ్లీషులోనే, నర్సుతోనే.
ఆ మాత్రం ఇంగ్లీషు తల్లికీ వచ్చేమో.
అయినా చెప్పాలి కదా.
ఆపరేషన్లు మోశాను, కోర్టు తీర్పులు మోశాను,
ఇంత చిన్న మాట ఇంత తూగడం ఎరగను.

కుర్చీ జరిగిన చప్పుడు.
తిడుతుందనుకున్నాను, దేవుణ్ణి పిలుస్తుందనుకున్నాను.
"మిహా," అంది.
దాన్ని మార్చలేదు, అలాగే దాటించాను.
"మా మాటలన్నీ నువ్వు మోశావు.
నీవి ఎవరికిచ్చావే?"

ఏడుపు. ఎవరిదో తెలియలేదు.

ఆ తర్వాత చాలాసేపు పనుల సంగతే:
ఇంట్లో వేటికి తాళం వెయ్యాలో,
శుక్రవారం కౌన్సెలర్ ఎన్నింటికో,
రాత్రి మనసు ముంచుకొస్తే ముందు ఎవర్ని పిలవాలో.
కాగితం మీద పెన్ను గీకుతోంది.
"షెడ్డులో నా ఫోను లాకర్లో పెట్టిస్తారు,
సూపర్‌వైజర్ నంబరు రాయండి,
బెల్టు ఆపించైనా వస్తాను."

"ఆ బెల్టు ఆగదమ్మా," అంది పిల్ల,
స్పానిష్‌లో, తిన్నగా తల్లితో.
"ఆగుద్ది."

రెండూ నర్సుకు చేరవేశాను.
నాది ఒక్కటీ కలపలేదు.