గోనెరాయుడు: సంచికల లెక్క

రాసుకో బాబూ.
మొదటి సంచిక డెబ్బై మూడులో, సిరిమాను రోజున.
నలభై పైసలు. ఇరవై నాలుగు పేజీలు.
అట్ట గులాబీరంగు ఎందుకంటే
శుభలేఖల కాగితం మిగిలిపోయింది,
అంతేగానీ సంకేతం గింకేతం ఏటీ లేదు.

కథ మండా కామేశం గారిది, జూట్‌మిల్లు టైంకీపరు.
బొమ్మ పతివాడ అప్పలసూరిది,
లారీల వెనక నెమళ్లు వేసేవాడు.
అక్షరం నాది. బెవర తవుడు, కంపోజిటర్ని,
విజీనారంలో గంటస్తంభం వెనక సందు ప్రెస్సులో.
పుట్టగానే చేటెడు తవుడుకి అమ్మేశారట నన్ను, బతకాలని.
నోట్లో ఈ జిల్లా భాషే గానీ
వేళ్లలో అచ్చుతప్పు లేదు నాకు.

గోనెరాయుడి శక్తి తెలుసు కదా?
వీపు మీదికెక్కిన బరువేదైనా వాడికి దూది.
గోనెల బేళ్లు, బోల్తాపడ్డ బస్సు, ఒకసారి మిల్లు పొగగొట్టం.
చేతికిస్తే మాత్రం నీళ్లచెంబు కూడా మొయ్యలేడు.
మొహం ఎప్పుడూ నీడలోనే.
అప్పలసూరికి ముక్కులు రావు మరి.

ఎగిరే బ్లాకు ఒక్కటే చేయించాం, విశాఖలో, పదకొండు రూపాయలు.
అందుకే అన్ని సంచికల్లోనూ ఒకే పక్కకి ఎగురుతాడు.
"సాలూరు ఎలిపోతన్నాడ్రా" అనేవోరు గుంటలు.

రెండూ మూడూ రాయగడ పాసింజర్లో అమ్ముడయ్యాయి.
సన్నాసమ్మ అమ్మింది, వేరుశెనగ బుట్టలో పెట్టి;
పుస్తకం కొన్నోడికి గుప్పెడు గింజలు ఎక్కువ.
నాలుగు రెండుసార్లు అచ్చయింది.
మొదటిదాంట్లో మేనేజరుకి మీసం ఉంటుంది.
మిల్లువాళ్లు వచ్చి టీ తాగి వెళ్లాక
ఆ మీసాన్ని ఆకురాయితో నేనే అరగదీశాను.
ఐదు లేదు. వెతక్కు.
లెక్క తప్పి ఆరు వేసేశాం.

ఇంక నువ్వడిగింది.
ఏడు నుంచీ రాయుడు మాటలు తగ్గించేశాడేం,
లాకౌటు మీద మౌన నిరసనా అని.
బాగుంది. నీ పుస్తకంలో అలాగే రాసుకో.
కానీ అది మాఘమాసం బాబూ.
"భ"లన్నీ శుభలేఖల్లో బిగుసుకుపోయాయి.
"నే" ఒక్కటే మిగిలింది, అదీ చెవి విరిగి.
కామేశం గారు రాసింది,
"భయపడకండి, నేనున్నాను!"
నా పెట్టెలో దొరికింది,
"ఉన్నాను."
ఆయన ప్రూఫు చూసి చాలాసేపు ఊరుకున్నారు.
చుట్ట ఆరిపోయింది.
తర్వాత రాసినవన్నీ అంతంతే రాశారు.
వారం తిరక్కుండా మిల్లు గేటు మీద ఎవరో
బొగ్గుతో ఆ ఒక్క మాటే రాశారు.
గూర్ఖా రోజూ కడిగేవాడు. రోజూ ఉండేది.

ఎనిమిదికి ముందు అప్పలసూరి డబ్బుల దగ్గర తగువేసుకుని
కుంచెలు సర్దుకుని పోయాడు.
ఎగిరే బ్లాకునే నిలువుగా తిప్పాం,
నూతిలోకి దూకుతున్నట్టొచ్చింది.
నూతి కథ దానికోసం పుట్టింది.
మీ యూనివర్సిటీలో దాని మీద పేపరుందటగా?

పది తర్వాత విజయవాడ వాళ్లు హక్కులు కొన్నారు, మూడొందలకి.
వాళ్ల రాయుడికి ముక్కుంది, పట్టు అంగీ ఉంది,
పేజీకి యాభై మాటలు.
మిల్లు లేదు. ఊరు పేరు లేదు.
పట్టు మీద బరువు నిలుస్తుందా, జారిపోదూ?
మూడు సంచికలకి మూత పడింది.

పదకొండు ఎవరూ చదవలేదు.
నువ్వు చూశానన్నవాళ్లు అబద్ధమాడారు,
లేదా కలలో చదివారు, ఆ వయసుకి రెండూ ఒకటే.
కంపోజు చేశాను, తాడేసి కట్టాను,
కాగితం అప్పు పుట్టలేదు.
ప్రెస్సు మూసేటప్పుడు సీసమంతా తూకానికి పోయింది,
ఆ ఒక్క పేజీ తప్ప. ఆఖరి పేజీ.
కామేశం గారు పోయాక కూడా
విప్పి పెట్టెలో కలపబుద్ధి కాలేదు.

మంచం కిందుంది, గోనెలో చుట్టి.
అక్షరాలు ఎడంచేతి వాటం, అద్దంలో చూడాలి నువ్వు.
నాకు వేళ్లు చాలు.
తీసుకెళ్లు, నా తర్వాత దీన్ని చదివేవాళ్లు లేరు.
అయ్యయ్యో, చేతుల్తో ఎత్తకు, సీసం అది.
ఏదీ, అటు తిరుగు.
కాస్త వంగు.