కణుపులు

పదకొండు సీజన్లు అతని చీలమండలకు టేపు చుట్టాను.
మొహం కన్నా నాకు ముందు పాదాలే గుర్తొస్తాయి:
కుడి మడమ మీద
లాకవానాలో, మూతపడ్డ ఉక్కు మిల్లు వెనక
చిన్నప్పుడు కంచె దూకిన మచ్చ,
ఎడమ బొటనవేలికి గోరు లేదు.
ఏ ఆటలో పోయిందో అతనికీ తెలీదు.

డెస్మండ్ టాలివర్. యాభై ఆరో నంబరు. లైన్‌బ్యాకర్.
తెలీనివాళ్లకి చెప్పాలంటే,
ముందు వరసలో కొండలు కొండల్ని ఢీకొంటాయి.
వాటి వెనక, కాస్త వంగి నిలబడి,
బంతి ఎటు పోతుందో అందరికన్నా అరక్షణం ముందే పసిగట్టి
అది వచ్చేసరికి అక్కడ గోడై ఉండాలి.
అదీ ఉద్యోగం.

"ఎలా తెలుస్తుందయ్యా నీకు?" అని అడిగానొకసారి
పళ్ల మధ్య టేపు ముక్కతో.
"వేళ్లు, కాజ్.
ఎదుటి గార్డు నేల మీద చెయ్యి ఆనిస్తాడు చూడు,
బరువు ముందుకేస్తే కణుపులు పాలిపోతాయి.
తెల్లవాడివి సున్నంలా, మా వాళ్లవి బూడిదలా.
అప్పుడు పరుగు.
వేళ్లు తేలిగ్గా ఉన్నాయా, వెనక్కి జరుగుతాడు. పాస్.
మొహం అబద్ధమాడుతుంది.
బరువు మోసే చెయ్యి ఆడలేదు."

కోచ్ నేర్పాడా అంటే తల అడ్డంగా ఊపాడు.
"అమ్మ.
నాన్న తలుపు పిడి పట్టుకున్న తీరు చూసి
మమ్మల్ని పక్కింటికి పంపేసేది."
నేను రెండో కాలు మొదలుపెట్టాను.
ఏమనాలో తెలీనప్పుడు
టేపు చుట్టడం మంచి పని.

తొమ్మిదో ఏడు, డిసెంబరు, బఫలో.
ఎరీ సరస్సు తన మంచంతా మా స్టేడియంలోకి దులిపేసిన రోజు.
గీతలు కనపడవు, చీపుర్లతో వెతుక్కుంటున్నారు.
నాలుగో డౌన్, ఒక్క గజం.
చలికి గార్డులిద్దరూ తొడుగులు వేసుకొచ్చారు.

కణుపులు లేవు.

మొదటిసారి ఊహించాడు. తప్పాడు.
మోకాలు వంగకూడని వైపు వంగింది.
డెబ్బై వేలమంది అరుస్తుంటే ఆ చప్పుడు నీకెలా వినపడిందంటారు.
వినపడింది.

తర్వాత రెండేళ్లు
ఐసు, సూదులు, పొద్దున మెట్లు దిగడానికి కమ్మీ.
చుట్టే టేపు పెరిగింది, ఆడే ఆట తగ్గింది.
ఒక మంగళవారం పైనుంచి పిలుపొచ్చింది.
"మంచిగానే మాట్లాడాడు కాజ్, పిల్లదాని చదువు కూడా అడిగాడు.
కానీ చెయ్యి బల్ల మీద నొక్కిపెట్టి ఉంది. కణుపులు చూశాను.
ఆయన చెప్పేదాకా ఎందుకని
ప్లేబుక్కు నేనే అక్కడ పెట్టేశాను."

లాకర్లోంచి తీసుకున్నవి:
సబ్బు పెట్టె, కూతురి ఒంటి మేజోడు.
పొద్దున ప్రాక్టీసుకని నేను చుట్టిన టేపు కాళ్లకే ఉంది.
కత్తెర తీశాను.
"ఉండనీ," అన్నాడు, "ఇంటికెళ్లి కోసుకుంటాలే."

ఇప్పుడు లాకవానాలో స్కూలు బస్సు నడుపుతున్నాడు.
కొన్ని రోజులు నన్ను కాజ్ అంటాడు, కొన్ని రోజులు పేరు కోసం
కిటికీలోంచి బయటికి చూస్తాడు. నేను తొందరపెట్టను.

మొన్న జేబులోంచి ఓ మెమో తీసి చూపించాడు.
స్టాపు వచ్చినా దిగని పిల్లాడొకడు.
ముందు సీటు కడ్డీ పట్టుకున్న వాడి చేతిని
అద్దంలో చూశాడట.
ఏమీ అడగలేదు. తలుపు మూశాడు.
రూటంతా తిప్పి, చివరికి
వాడి పిన్ని ఇంటి ముందు ఆపాడు.
అది రూలు కాదని రాశారు, కింద ముద్ర వేశారు.

"చదివావా?"
"చదివాను."
జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి, మళ్లీ జేబులో.

రాని మోకాలితో బస్సు మెట్టు దిగుతుంటే
అలవాటు కొద్దీ నా చూపు కిందికే పోయింది.
కుడి బూటు లేసు ఊడి ఉంది.
మంచులో ఒంగి కట్టాను.
వద్దనలేదు.