అంగుళం వాలు

చిన్నచౌకు దాటినాక ఎడమ సందులో నా బోర్డు ఉండాది.
రేకు మీద పసుప్పచ్చ అక్షరాలు:
బండలు పరుస్తాం, తోటలు వేస్తాం.
కింద నా పేరు, పేరు కింద నెంబరు.
ఆఫీసు లేదు, మేనేజరు లేడు.
ఫోనెత్తేది నేనే, తిట్లు తినేదీ నేనే.

రాత్రిపూట వాన మొదలైతే
కడపలో అందరూ హమ్మయ్య అని దుప్పటి కప్పుకుంటారు.
ఈ సీమలో వాన మీద అలిగేదెవరు?
నేనొక్కణ్ణే మంచం మీద లేచి కూచుంటా.
కండ్లు మూసుకోని ఇల్లిల్లూ తిరిగొస్తా.
ఎర్రముక్కపల్లి డాక్టరమ్మ వాకిలి, నీళ్లు వీధిలోకే పోతాయి.
స్టేషను రోడ్డులో రొట్టెల అంగడి ముందర, పర్వాలేదు.
శంకరాపురం, సుభాషిణి టీచరు పెరడు...
అక్కడ ఆగిపోతా.

తెల్లారి ఆరుకు ఫోను.
"మౌలాలీ, వంటింట్లోకి నీళ్లొచ్చినాయి నాయనా."
అంతే. తిట్టలేదు.
తిట్టింటే బాగుండు.

మోపెడ్డు మీద గడ్డపార, రబ్బరు సుత్తి,
సంచిలో రసమట్టం, వెనక పెంచలయ్య.
తడి బండ మీద రసమట్టం పెట్టినా.
బుడగ గోడ దిక్కుకు జరిగింది.
అంటే నీళ్లు ఇంటి దిక్కుకు.
మనిషికైతే ఏదో ఒకటి చెప్పొచ్చు,
బుడగకు ఏం చెప్తాం?

"ఆ పొద్దు నువ్వు లేవు గదన్నా" అన్నాడు పెంచలయ్య, నేల చూస్తా.
నిజమే. ఆ పొద్దు ఎర్రగుంట్ల క్వారీ కాడ
అడుక్కు రెండు రూపాయలు తగ్గించమని
మధ్యాహ్నం దాకా బేరమాడతా ఉన్నా.
తగ్గించినారు కూడా.
అయితే బోర్డు మీద పెంచలయ్య పేరు లేదే.

పదకొండు బండలు లేపినాం.
కింద ఒక కప్ప, ఒక బీడీకట్ట కాగితం,
దిమ్మిస దెబ్బ ఎరగని మన్ను,
అన్నం మాదిరి మెత్తగా.
గడ్డపార మూరెడు లోతుకు తనంతట తానే దిగింది.
ఇంకా లోపల తెగిన వేరొకటి,
గోరుతో గీకితే ఇంకా వాసనొస్తాంది.
నిమ్మ.

టీచరు టీ గ్లాసులు పట్టుకోని వచ్చింది.
"చెట్టుంటే బండలు లేస్తాయని నువ్వే చెప్తివి గదా" అనింది,
ఎత్తిపొడుపు కాదు, ఊరికే గుర్తు చేసుకున్నట్టు.
"ఆయన నాటిన చెట్టు. సరేలే, నీకు తెలుసు గదా అనుకున్నా."

నాకు తెలుసు.
చుట్టూ కట్ట కడితే చెట్టూ ఉంటుంది, బండా ఉంటుంది.
కట్ట కడితే మూడు బండలు తక్కువ పడతాయి.
ఆ మూడు బండల లెక్క
నాకూ నా నోటుబుక్కుకూ తప్ప ఎవరికీ తెలీదు.
వానకెట్ల తెలిసిందో.

టీ చల్లారినాక చెప్పినా ఆమెకు, ఉన్నదున్నట్టు.
ఆమె చానాసేపు మాట్లాడలేదు.
పెంచలయ్య కప్పను చీపురుతో గోడ వారకు తోలినాడు.

"ఎంతవుతుంది?"
"ఏం కాదమ్మా."
"చెట్టుకు?"
దానికి నా కాడ రేటు లేదు.

మన్నంతా తోడి, గులకరాయి పోసి,
దిమ్మిస నేనే పట్టుకున్నా, భుజం పడిపోయేదాకా.
పది అడుగులకు అంగుళం వాలు, వీధి దిక్కుకు.
ఎనిమిది బండలు తిరిగి పరిచినాం.
మూడు బండల చోటు వదిలి చుట్టూ ఇటుక కట్ట,
నడుమ కోడూరు నర్సరీ నుంచి తెచ్చిన మొక్క.
మోకాలెత్తు కూడా లేదు.
కాయలకు నాలుగేండ్లు పడుతుందని చెప్పినా.
"చూద్దాం" అనింది టీచరు. ఆమెకు డెబ్బై రెండు.

ఆ మూడు బండలూ మా ఇంటి గోడకు ఆనుకోని ఉండాయి.
మన వాకిలి ఎప్పుడు పరుస్తావని పక్కీరమ్మ రోజూ అడుగుతాది.
మొన్న రాత్రి మళ్లీ వాన.
హాయిగా నిద్రపోయినా అంటే అబద్ధం.
లేచి కూచున్నా, ఇల్లిల్లూ తిరిగినా.
శంకరాపురం కాడ ఇంకా ఆగుతా,
ఇప్పుడు బండల కోసం కాదు,
అంత వానకు ఆ చిన్న మొక్క నిలబడిందా అని.